తీరం లేని జిల్లాలకు నీటి పాఠాలు
ఉత్తర తెలంగాణలో అటవీ క్షేత్ర సిబ్బంది శిక్షణ: ఒక సమీక్ష

తీరప్రాంత, సముద్ర జీవవైవిధ్యాన్ని కాపాడే క్షేత్ర సిబ్బందికి శిక్షణ అనగానే మన ఆలోచన కోరింగ మడ అడవుల దాకానో, ఒడిశాలోని భితరకనిక దాకానో పోయి ఆగుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఊసు అందులో రాదు. ఇక్కడినుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ ప్రశ్నను ఇక్కడ నిలబడి అడగడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది గోదావరి. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలను ఒరుసుకుంటూ సాగి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. కోరింగ మడ చెట్లు బతికేది ఈ దారిన వెళ్ళే మంచినీటితో, ఒండ్రుతో. పైన నది పాడైతే కింద తీరం పాడవుతుంది. రెండో కారణం చాలామంది మరిచిపోయినది. నీటి జీవుల సంరక్షణలో సిబ్బందికి పద్ధతిగా చదువు చెప్పే పని ఈ దేశంలో మొదట్లో సాగిన ఊళ్ళలో హైదరాబాదు ఒకటి.

2016 అక్టోబరులో ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. ఉమ్మడి కరీంనగర్ కూడా చీలింది. అడవి మాత్రం అదే, నది మాత్రం అదే. ఆ అడవినీ నదినీ కాసే బీట్ ఆఫీసర్లకు, సెక్షన్ ఆఫీసర్లకు, బేస్ క్యాంపు వాచర్లకు మనం ఏం నేర్పుతున్నాం, ఏం నేర్పడం లేదు అన్నది ఈ సమీక్ష విషయం. స్థూలంగా చెప్పాలంటే పులిని బాగానే నేర్పుతున్నాం. నదిని నేర్పడంలో, మనుషులతో మెలగడం నేర్పడంలో వెనకబడ్డాం. ఆ లోటు తీర్చే సరుకు చాలావరకు తీరప్రాంతం కోసం తయారైన శిక్షణలో ఉంది.

హైదరాబాదులో మొసళ్ళ బడి

1970ల నాటికి తోలు వ్యాపారం కోసం సాగిన వేటతో మన నదుల్లో మొసళ్ళు అంతరించిపోయే దశకు వచ్చాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సాయంతో భారత ప్రభుత్వం మొసళ్ళ సంరక్షణ పథకం మొదలుపెట్టింది. దానికి సాంకేతిక సలహాదారు హెచ్.ఆర్. బస్టర్డ్. ఇసుకలో పెట్టిన గుడ్లను ఏరి తెచ్చి పొదిగించడం, పిల్లలను కొంత పెద్దయ్యేదాకా పెంచడం, తర్వాత నదుల్లో వదలడం ఆ పథకం దారి. ఆ పని తెలిసినవాళ్ళు అప్పటికి అటవీ శాఖల్లో లేరు. అందుకే హైదరాబాదులో కేంద్ర మొసళ్ళ పెంపక, నిర్వహణ శిక్షణ సంస్థను పెట్టారు. వేరువేరు రాష్ట్రాల అటవీ ఉద్యోగులు అక్కడికి వచ్చి నేర్చుకున్నారు. పథకం పరిధిలో ఉన్నవి ఘరియాల్, మగ్గర్, ఉప్పునీటి మొసలి, మూడూ. అంటే సముద్రపు ముఖాన, మడ అడవుల్లో బతికే మొసలి గురించి కూడా తీరం లేని ఊళ్ళోనే పాఠాలు సాగాయి.

ఆ కాలపు గుర్తు మన ప్రాంతంలోనూ ఉంది. 1978లో మంజీర అభయారణ్యంతో పాటు, మంథని దగ్గర గోదావరి వెంట శివ్వారం అభయారణ్యాన్నీ ప్రకటించారు. రెండింటికీ మగ్గర్ మొసలే ఆధారం.

ఆ శిక్షణ ఎందుకు ఫలించిందో గమనించాలి. అది ఒక పని చుట్టూ అల్లిన చదువు. గుడ్డు ఏ లోతున ఉంది, ఏ వేడిలో పొదగాలి, పిల్లను ఎప్పుడు వదలాలి అన్న ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే పని నడిచేది. నేర్చినవాడు తిరిగి వెళ్ళి చేయాల్సిన పని కళ్ళముందు ఉండేది. జీవవైవిధ్యం ప్రాముఖ్యం అన్న పేరుతో గంటన్నర ఉపన్యాసం విని ఇంటికి పోయే శిక్షణతో దీన్ని పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ సంస్థ అలాగే నిలవలేదు. దాంతో పాటు నీటి జీవుల మీద క్షేత్ర సిబ్బందికి పనిగట్టుకుని నేర్పే ఏర్పాటు కూడా మన దగ్గర పలచబడింది.

హైదరాబాదుకు సముద్రంతో బంధం మాత్రం తెగలేదు. 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్ ఇక్కడే ఉంది. సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సూచనలు, పగడపు దిబ్బలు వెలిసిపోయే ముప్పు గురించి ముందస్తు సమాచారం ఇక్కడినుంచే తీరాలకు వెళ్తాయి. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందపు 11వ సభ్యదేశాల సమావేశం హైదరాబాదులో జరిగింది. తీర, సముద్ర జీవవైవిధ్యం దాని ముఖ్య చర్చల్లో ఒకటి. దాదాపు ఆ రోజుల్లోనే భారత, జర్మనీ ప్రభుత్వాలు కలిసి తీర, సముద్ర రక్షిత ప్రాంతాల మీద ఒక పథకం చేపట్టాయి. జర్మనీ సంస్థ జీఐజెడ్ ఆధ్వర్యంలో క్షేత్ర స్థాయి నిర్వాహకుల కోసం శిక్షణ పాఠ్యక్రమం తయారైంది.

తీరం కోసం రాసిన పాఠాల్లో ఏముంది?

ఆ పాఠ్యక్రమంలో పగడాలు, మడ చెట్లు, తాబేళ్ళ గుర్తింపు ఒక భాగం మాత్రమే. తీరం మనుషులకు చేసే మేలు ఏమిటి, చేపల వేట తరిగిపోకుండా సాగాలంటే ఏం కావాలి, చట్టాలు ఏమంటున్నాయి, వాతావరణ మార్పు, విపత్తులు ఏం తెస్తాయి, ప్రజలకు విషయం ఎలా చెప్పాలి అన్న అధ్యాయాలు దానికి సమానంగా నిలుస్తాయి. సముద్రంలో కంచె వేయడం కుదరదు. చేపకు అభయారణ్యం హద్దు తెలియదు. అందువల్ల అక్కడి అటవీ ఉద్యోగి మత్స్య శాఖతో, ఓడరేవులతో, మత్స్యకారుల సంఘాలతో మాట్లాడకుండా ఒక్క అడుగు వేయలేడు. శిక్షణ రాసినవాళ్ళు ఈ నిజం నుంచే మొదలుపెట్టారు.

మన గోదావరి చివరనే దీనికి ఉదాహరణ ఉంది. 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం 235.70 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ చేపల వేట, రొయ్యల చెరువులు, ఉప్పుమళ్ళు, ఓడరేవు, చమురు, గ్యాస్ కంపెనీలు ఉన్నాయి. ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ, కేంద్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి అక్కడ నడిపిన పథకం ఈ ఉత్పత్తి రంగాలనే లక్ష్యంగా పెట్టుకుంది. దానికోసం కాకినాడ కేంద్రంగా ఈగ్రీ ఫౌండేషన్ ఏర్పడింది. అడవిని అడవి శాఖ ఒక్కటే కాపాడలేదన్న మాట అక్కడ పథకం రూపం దాల్చింది.

మత్స్యకారులు నేర్చుకున్న పాఠాల ఫలితం కూడా కనబడుతోంది. చెన్నై కేంద్రంగా పనిచేసే ట్రీ ఫౌండేషన్ తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో మత్స్యకార యువకులనే తాబేళ్ళ గూళ్ళ కాపలాదారులుగా తీర్చిదిద్దింది. 2022లో విశాఖ దగ్గరి తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపగలిగారు. పడవ నడిపే చేతులు, చట్టం తెలిసిన తల ఒకచోట ఉంటేనే అలాంటి పని జరుగుతుంది.

శివ్వారం నుంచి కాళేశ్వరం దాకా: నది అడుగుతున్నది

ఇప్పుడు ఇదే కొలతతో మన నదిని చూద్దాం. మగ్గర్ మొసలి వేసవి ముందు ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేది ఆ గుంటలోని వేడి. రివర్ టర్న్ పక్షులు వేసవిలో నది నడుమ తేలిన ఇసుక తిన్నెల మీద నేరుగా గుడ్లు పెడతాయి. అంటే ఈ జీవులన్నిటికీ ప్రాణాధారం ఇసుక, ఆ ఇసుక దగ్గర నీటిమట్టం నిలకడగా ఉండటం. ఈ రెండూ ఇప్పుడు అటవీ శాఖ చేతిలో లేవు. ఇసుక గనుల శాఖది, నీరు సాగునీటి శాఖది, చేప మత్స్య శాఖది.

2019లో కాళేశ్వరం ఎత్తిపోతల మొదలయ్యాక మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బ్యారేజీల వెనక నది నిలవ నీరుగా మారింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాయి. ఆ తర్వాత గేట్లు ఎత్తి నీటిని వదిలేయడంతో తిన్నెలు మళ్ళీ బయటపడ్డాయి. ఐదేళ్ళలోపే ఒకే నది రెండు రూపాలెత్తింది. ఈ మార్పుకు మొసళ్ళు, తాబేళ్ళు, పక్షులు ఎలా సర్దుకున్నాయో ఒడ్డున రోజూ తిరిగే బీట్ ఆఫీసరుకన్నా బాగా ఎవరు రాసిపెట్టగలరు? ఆ రాయడం అతనికి నేర్పితేనే గదా.

నేర్పాల్సినవి పెద్ద శాస్త్రాలేమీ కావు. గూడు కనబడితే చోటు, తేదీ, నీటి అంచు నుంచి దూరం రాయడం. ఏ వల వాడుతున్నారు, కన్ను ఎంత, ఏ చేప పడుతోంది అని బెస్తవాళ్ళను, ముదిరాజులను, గంగపుత్రులను అడిగి తెలుసుకోవడం. బొచ్చె, రవ్వు, వాలుగ, కొర్రమట్టలలో ఏది తగ్గింది, ఏది కొత్తగా దిగింది అని గుర్తుపట్టడం. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. అది జీవనోపాధికి మేలు చేసే పథకమే. దాంతో నదిలోని సొంత జాతుల మీద ఏం ప్రభావం పడుతోందో కనిపెట్టే కన్ను కూడా ఒకటి ఉండాలి. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మామూలు మార్పు చేప నుంచి వేరుగా పోల్చుకోవడం బీట్ ఆఫీసరుకు తెలిసి ఉండాల్సిన కనీస విద్య.

నదికీ సముద్రానికీ ఉన్న చుట్టరికం కూడా ఈ పాఠంలో భాగం కావాలి. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కే చేప. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డమైంది. నీలకంఠ రొయ్య నదిలో పెరిగినా దాని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. శ్రీరాంసాగర్ మొదలు కిందిదాకా కట్టిన ఆనకట్టలు ఆపిన ఒండ్రు డెల్టాకు చేరదు. సిరొంచ ఎదుట, చెన్నూరు దగ్గర పారే ప్రాణహిత నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలిసిన ఉద్యోగి తన బీటును వేరే కంటితో చూస్తాడు. 1980లో ప్రకటించిన ప్రాణహిత అభయారణ్యం 136 చదరపు కిలోమీటర్లు. పేరు నదిది, పేరుపొందింది మాత్రం కృష్ణజింకలకు. నీటి జీవుల లెక్క అక్కడా వెనకపట్టే పట్టింది.

నది మా శాఖ పని కాదు కదా అనే వాదన ఉంది. అది సగమే నిజం. అభయారణ్యపు హద్దులోని నది అటవీ శాఖదే. హద్దు బయట అయినా మొసలి, మెత్తపెంకు తాబేలు చట్టం రక్షించే జీవులే. శాఖలు నాలుగు ఉన్నాయి కనకనే నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి నేర్పాల్సిన అవసరం ఉంది. తీరప్రాంత శిక్షణ నుంచి మనం అరువు తెచ్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

పులి నేర్పింది, పులి నేర్పనిది

శిక్షణ బాగా నడిచిన చోటు కూడా మన దగ్గరే ఉంది. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. కోర్ ప్రాంతం సుమారు 892, బఫర్ సుమారు 1,123 చదరపు కిలోమీటర్లు. నాలుగేళ్ళకోసారి జరిగే అఖిల భారత పులుల గణనకు బీట్ స్థాయి సిబ్బందే పునాది. అడుగుజాడలు, పెంట, గీరిన చెట్ల గుర్తులు వెతకడం, నిర్ణీత దారిలో నడిచి శాకాహార జంతువులను లెక్కించడం, కెమెరాలు బిగించడం వాళ్ళ పని. గస్తీ వివరాలను నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ 2010లో వచ్చింది. 2018 గణన నుంచి ఈ వివరాలు ఫోనులోనే ఎక్కుతున్నాయి. ప్రతి గణనకూ ముందు శిక్షణ, తర్వాత పని, ఆ పనికి దేశం మొత్తం చూసే ఫలితం. మొసళ్ళ బడి ఏ సూత్రం మీద నడిచిందో ఇదీ ఆ సూత్రం మీదే నడుస్తోంది. అందుకే నిలిచింది.

ఇందులో రెండు లోపాలున్నాయి. వివరాలు కింది నుంచి పైకి పోతాయి, పైనుంచి కిందికి తిరిగి రావడం తక్కువ. తాను నడిచి రాసిన లెక్క ఏం తేల్చిందో బీట్ ఆఫీసరుకు తిరిగి చెప్పే అలవాటు పెరగాలి. రెండోది ఇంకా పెద్దది. మహారాష్ట్రలోని తాడోబా వైపునుంచి వచ్చే పులులు కవ్వాల్ నడిబొడ్డున కాక, దారిలో ఉన్న కాగజ్‌నగర్, సిర్పూర్, బెజ్జూర్ అడవుల్లో నిలుస్తున్నాయి. ఫాల్గుణ అని పేరుపెట్టిన ఆడపులి పిల్లలను కన్నది కాగజ్‌నగర్ అడవుల్లోనే. అంటే శిక్షణ, బేస్ క్యాంపులు, నిధులు ఒకచోట, పులి మరోచోట. ఈ దారిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 2025లో ఇచ్చిన ఉత్తర్వును ఆదివాసుల నిరసన తర్వాత నిలిపివేయాల్సి వచ్చింది. ఉత్తర్వుకన్నా ముందు ఊళ్ళతో మాట్లాడే పని జరగాలని ఆ ఉదంతం చెప్పింది. ఆ మాట్లాడే పని ఎవరిది? ఆఖరికి బీట్ ఆఫీసరుదే.

పులి కాని జీవికి కూడా శ్రద్ధ పెడితే ఏం జరుగుతుందో బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట చూపించింది. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందుల గూళ్ళు వెలుగులోకి వచ్చాయి. స్థానిక యువకులనే కాపలాదారులుగా పెట్టి గూళ్ళు, పిల్లలు లెక్కపెట్టించారు. పశువులకు వాడే డైక్లోఫినాక్ మందు రాబందులను చంపుతుందని తేలి 2006లోనే దాన్ని పశువైద్యంలో నిషేధించారు. కాబట్టి రాబందును కాపాడాలంటే గుట్ట కింద కూర్చుంటే చాలదు. చుట్టుపక్కల మండలాల్లో పశువులకు ఏ మందు వేస్తున్నారో తెలుసుకోవాలి. అక్కడ అటవీ విద్య పశువైద్యం దాకా పాకుతుంది.

మనుషులతో వచ్చే పరీక్ష

గత కొన్నేళ్ళలో క్షేత్ర సిబ్బందిని నిజంగా పరీక్షించిన ఘటనలు వరుసగా చూస్తే పాఠ్యక్రమం తనంతట తానే తయారవుతుంది.

2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గరి సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్ళిన అటవీ బృందం మీద దాడి జరిగింది. గాయపడ్డవారిలో మహిళా రేంజి ఆఫీసర్ ఉన్నారు. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడ దగ్గర ఒక యువకుడు, పెంచికల్‌పేట మండలం కొండపల్లి దగ్గర ఒక బాలిక పులి దాడిలో చనిపోయారు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ పరిధిలో పోడు తగాదాలో రేంజి ఆఫీసర్ శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. 2024 జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు విషప్రయోగంతో చనిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ మొదటి వారంలో ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు చింతలమానేపల్లి, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. నవంబరు 29న గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది.

ఏనుగు ఘటననే తీసుకోండి. తరాలుగా అడవి ఏనుగు తిరగని ప్రాంతం ఇది. అది ఏ వేళ కదులుతుంది, ఎంత దూరం ఉండాలి, గుంపుగా అరిస్తే ఏమవుతుంది అన్నది రైతుకూ తెలియదు, సిబ్బందికీ కొత్తే. ఏనుగులు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా గడ్చిరోలి దాకా వచ్చిన సంగతి అప్పటికే తెలిసినదే. నది అవతల ఉన్న జంతువు రేపు ఇవతలికి వస్తుందని ముందే ఊహించి నేర్పడం శిక్షణ విధి. ఉన్న జంతువుల పాఠం ఎంత అవసరమో, రాబోయే జంతువు పాఠం అంతే అవసరం.

విషప్రయోగం వెనక పశువు పోయిన రైతు కోపం ఉంటుంది. పరిహారం ఎన్ని రోజుల్లో, ఏ కాగితంతో వస్తుందో ఆ రైతు గడప దగ్గరే చెప్పి, పంచనామా వెంటనే రాసే ఉద్యోగి ఒక పులిని కాపాడినట్టే. అడవిపందుల కోసం పొలాల్లో పరిచే కరెంటు తీగలు పులులకు, మనుషులకు కూడా యముడవుతున్నాయి. ఆ తీగను గుర్తించడం, తనకు ప్రమాదం లేకుండా విద్యుత్ సంస్థ లైన్‌మన్‌ను రప్పించడం, సాక్ష్యం చెదరకుండా చూడడం మూడూ వేరువేరు పనులు. మూడూ చేయించి చూపిస్తేనే వస్తాయి.

ఆయుధాలు ఇవ్వండి, శిక్షణ తర్వాత మాట అని చండ్రుగొండ ఘటన తర్వాత సిబ్బంది అడిగారు. వాళ్ళ భయం న్యాయమైనదే. ఒంటరిగా అడవిలో తిరిగే ఉద్యోగికి రక్షణ, వాహనం, వైర్‌లెస్, తోడు ఉండాలి. కానీ పోడు భూమి మీద తగాదాను తుపాకీ తీర్చదు. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్పింది, ఎవరి దగ్గర పట్టా ఉంది, 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీ తర్వాత తన బీటులో హద్దులు ఎక్కడ పడ్డాయి అన్నది తెలిసిన ఉద్యోగి మాట ఊళ్ళో చెల్లుతుంది. తెలియనివాడు చట్టం పేరుతో అరుస్తాడు, లేదా తప్పించుకు తిరుగుతాడు.

చట్టం, సాక్ష్యం, సంత

వన్యప్రాణి చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్ళు మారాయి. పాత పుస్తకంతో శిక్షణ పొందినవారికి మళ్ళీ చెప్పక తప్పదు. ఇక్కడ సముద్రం నేరుగా మన బజారుకు వస్తుంది. పూజా సామగ్రి అమ్మే చోట్ల ఇంద్రజాలం పేరుతో దొరికేది మొక్క వేరు కాదు, సముద్రపు అడుగున పెరిగే సీ ఫ్యాన్ అనే జీవి. చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. హత్తాజోడి పేరుతో అమ్మేది ఉడుము అవయవం. కొనేవాడికి తెలియదు, పట్టుకోవాల్సినవాడికి తెలియకపోతే ఇక ఆపేదెవరు? ఈ సరుకు అమ్మకానికి సముద్రం పక్కన ఉండాల్సిన పని లేదు. తీరం లేని జిల్లా సిబ్బందికి సముద్ర జీవుల గుర్తింపు కావాలనడానికి ఇంతకన్నా సూటి కారణం మరొకటి లేదు.

పట్టుకున్న తర్వాత కేసు నిలబడాలి. వండిన మాంసం ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా చెప్పగల లాకోన్స్ ప్రయోగశాల హైదరాబాదులోనే ఉంది. సీసీఎంబీలో భాగమైన ఆ ప్రయోగశాలకు నమూనా చెడకుండా చేరాలి. మాంసపు ముక్కను ఆల్కహాల్‌లో వేస్తే డీఎన్ఏ నిలుస్తుంది, ఫార్మలిన్‌లో వేస్తే దెబ్బతింటుంది. ఎవరు తీశారు, ఎవరు మోశారు, ఎప్పుడు అప్పగించారు అన్న గొలుసు కాగితం మీద తెగకుండా ఉండాలి. ఇలాంటి చిన్న తప్పులకే పెద్ద కేసులు కోర్టులో వీగిపోతాయి. శిక్షణలో చట్టం సెక్షన్లు బట్టీ పట్టించడంకన్నా ఒక నమూనా కేసు తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడిపించడం మేలు.

ఎవరికి నేర్పుతున్నాం?

2017లో అప్పటి తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1,857 బీట్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. చదువుకున్న యువతీయువకులు పెద్దసంఖ్యలో శాఖలోకి రావడానికి అది దారి వేసింది. దూలపల్లిలోని అటవీ అకాడమీలో వాళ్ళకు ప్రాథమిక శిక్షణ అందింది. ములుగులోని అటవీ కళాశాల డిగ్రీ స్థాయిలో మరో ద్వారం తెరిచింది. ఇవి మంచి అడుగులు.

కానీ అడవిలో రాత్రి పడుకునేది చాలాచోట్ల బేస్ క్యాంపు వాచరు, జంతువుల జాడ పట్టే ట్రాకరు. వాళ్ళలో ఎక్కువమంది గోండు, కొలాం, నాయకపోడు యువకులు. వాళ్ళది తాత్కాలిక ఉద్యోగం. జీతాలు ఆలస్యమవుతున్నాయన్న ఫిర్యాదులు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. అకాడమీ గుమ్మం వాళ్ళకు దూరం. అడవి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళకు అందరికన్నా తక్కువ శిక్షణ, అందరికన్నా తక్కువ భద్రత. ఈ తలకిందుల అమరిక మారకుండా ఎన్ని పాఠ్యక్రమాలు రాసినా ఉపయోగం లేదు.

దారి ఎక్కడో వెతకనక్కర్లేదు. జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1943లో, కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారు చేసి, గోండు యువకులకే నేర్పి, వాళ్ళనే తమ ఊళ్ళకు ఉపాధ్యాయులుగా పంపారు. ఊరి మనిషికి, ఊరి భాషలో, ఊరి దగ్గర నేర్పితే ఆ చదువు నిలుస్తుందని ఎనిమిది దశాబ్దాల కింద ఆదిలాబాద్ కొండల్లోనే రుజువైంది. అటవీ శిక్షణలో ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? గోండి, కొలామీ తెలిసిన ట్రాకర్లే శిక్షకులుగా నిలబడే రోజు రావాలి. బయటినుంచి వచ్చిన కొత్త బీట్ ఆఫీసరు మొదటి నెలలు వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. గోదావరి ఒడ్డున అయితే ఆ గురువు స్థానం వల వేసే బెస్త పెద్దది.

కొలత లేని శిక్షణ

శిక్షణ గురించి మన నివేదికలు ఎంతమంది వచ్చారు, ఎన్ని రోజులు కూర్చున్నారు అన్నదే చెబుతాయి. ఆ తర్వాత బీటులో ఏం మారిందో చెప్పవు. కొలవడానికి సులువైన గీటురాళ్ళు ఉన్నాయి. పశువు చనిపోయిన రోజుకూ పరిహారం అందిన రోజుకూ మధ్య ఎంత గడువు పట్టింది? పెట్టిన కేసుల్లో ఎన్ని కోర్టులో నిలిచాయి? ఒక వేసవిలో ఎన్ని మొసలి గూళ్ళు నమోదయ్యాయి, వాటిలో ఎన్ని పొదిగాయి? గ్రామసభలో అటవీ ఉద్యోగి ఎన్నిసార్లు కూర్చున్నాడు? వీటిని శిక్షణకు ముందు, తర్వాత చూస్తే చాలు.

సమయం కూడా కొలవాల్సిందే. 2015లో హరితహారం మొదలైన నాటినుంచి నర్సరీలు, గుంతలు, మొక్కల లెక్కలు క్షేత్ర సిబ్బంది రోజులో పెద్ద భాగం తీసుకున్నాయి. మొక్కలు నాటడం మంచిదే. నాటడమే పనిగా మారితే చూడడం, రాయడం, మాట్లాడడం వెనకబడతాయి. నేర్చుకున్నదాన్ని వాడే వ్యవధి లేని ఉద్యోగికి ఏటా శిక్షణ ఇచ్చినా దండగే. బదిలీలు ఇంకో చిక్కు. నది నేర్చుకున్నవాడిని మరుసటి ఏడే నది లేని రేంజికి పంపితే ఆ చదువు అతనితో పాటే వెళ్ళిపోతుంది.

తీర్పు

ఉత్తర తెలంగాణలో అటవీ శిక్షణకు పునాది ఉంది. పులుల గణన చుట్టూ అల్లిన క్రమశిక్షణ, పాలరాపు గుట్ట దగ్గరి స్థానిక కాపలా, హైదరాబాదులోని ప్రయోగశాలలు, సముద్ర సమాచార కేంద్రం చేతికందే దూరంలో ఉన్నాయి. లేనిది నది చదువు, మనుషులతో మెలిగే చదువు, తాత్కాలిక ఉద్యోగులకు చదువు.

చేయాల్సిన పని స్పష్టమే. శివ్వారం కేంద్రంగా ఒక నదీ జీవుల క్షేత్ర శిక్షణను మొదలుపెట్టాలి. అటవీ, మత్స్య, సాగునీటి, గనుల శాఖల కింది స్థాయి ఉద్యోగులు, మత్స్యకార సంఘాల సభ్యులు అందులో కలిసి కూర్చోవాలి. రాజమహేంద్రవరంలోని ఆంధ్రప్రదేశ్ అటవీ అకాడమీతో మాట్లాడి, మన బీట్ ఆఫీసర్లు కొందరు ఏటా కోరింగకు, అక్కడివారు కొందరు శివ్వారానికి వచ్చిపోయే ఏర్పాటు చేయాలి. రాష్ట్రాలు రెండైనా నది ఒకటే. కాగజ్‌నగర్ దారిలో పనిచేసే సిబ్బందికి కవ్వాల్ సిబ్బందితో సమానమైన శిక్షణ, సామగ్రి ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు ట్రాకర్లకు, వాచర్లకు నెలనెలా జీతం, గుర్తింపు పత్రం, శిక్షకుడి హోదా దక్కాలి. ఆకలితో ఉన్న కాపలాదారుకు ఏ అకాడమీ పాఠమూ తలకెక్కదు. ఈ చివరి పనికి విదేశీ నిధులు, కొత్త చట్టాలు, కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు, దాన్ని అమలు చేసే పట్టుదల చాలు.